మొదటి గిన్నె

అన్నయ్యకి,

ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు పట్టింది. ఆసుపత్రి వంటగది కిటికీలకి ఆవిరి కమ్మి బయట ఏమీ కనిపించడం లేదు. ఈ పూట నూట నలభై మందికి గంజి కాచాం. అందులో అరవై మందికి చప్పిడిది. ఉల్లిపాయలు తరగడం నా వంతు. అందరితోపాటు నేనూ కళ్ళు తుడుచుకున్నాను, మంట తెలుస్తుంది కాబట్టి. వాసన మాత్రం తెలియలేదు.

నీ ఉత్తరం అందింది. వదినకి మోచేతుల నొప్పి ఎక్కువై పెద్ద గరిట తిప్పలేకపోతోందనీ, వచ్చి మన గంజి కొట్టులో పొయ్యి చూసుకోమనీ రాశావు. "నీకేం తక్కువ చేశామో చెప్పు, దిద్దుకుంటాం" అని చివర్న రాసిన మాట చదివాక ఊరుకోలేకపోయాను. మీరేమీ తక్కువ చేయలేదు. ఇక్కడ పని తేలికనీ, పెద్ద వంటగదనీ చెప్పి వచ్చాను. అది అబద్ధం. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. వదినకి కూడా చదివి వినిపించు. రెండోసారి రాయడం నావల్ల కాదు.

అమ్మ చనిపోయిన ఏడాది చలికాలంలో నేను పదకొండు రోజులు జ్వరంతో పడుకున్నాను, గుర్తుందా? లేచేసరికి వాసన పోయింది, రుచి పోయింది. ముందు జలుబనుకున్నాను. నెల గడిచాక ఇక రావని అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. ఆ కొట్టులో నాకు తెలిసిన పని వంట ఒక్కటే. వంటమనిషికి నాలుక లేదని తెలిస్తే ఆ గిన్నె ఎవరు ముట్టుకుంటారు?

దాచడం కష్టం కాలేదు. అమ్మ పెట్టిన కట్టుబాటే నన్ను కాపాడింది. కుండలోది మన ఇంట్లోవాళ్ళం ముందు రుచి చూడకూడదు. "మన నోటికి మనది ఎప్పుడూ బాగానే ఉంటుంది, వీధి ఊడ్చి వచ్చిన మనిషి చెప్పాలి" అనేది కదా అమ్మ. మొదటి గిన్నె మన వీధి ఊడ్చే పెద్దమ్మకి. చీపురు గోడకి ఆనించి, అరుగు మీద కూర్చుని రెండు గుక్కలు తాగి, "సరిపోయింది, తలుపు తియ్యి" అనేది. అప్పుడే మనం తలుపు తీసేవాళ్ళం. నేను అమ్మ ఇనప చెంచాతో తలకొట్టి, కుండకి సమంగా రెండు చెంచాల ఉప్పు వేసేదాన్ని. చూపుడు వేలితో తడిమి మరీ కొలిచేదాన్ని. ఒక్కరోజు కూడా లెక్క తప్పలేదు. పెద్దమ్మ ఒక్కరోజు కూడా సరిపోలేదనలేదు.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఒక పొద్దున రొట్టెలకి నేనే వెళ్ళాను. రొట్టెలాయన భార్య బుట్ట నా చేతికిస్తూ, "ఉండమ్మా, అవి కావు. మీ కొట్టుకి ఉప్పు లేనివి వేరే కాలుస్తాం" అంది. ఆయన వెనకనుంచి చూసిన చూపుకి ఆవిడ నాలుక కరుచుకుంది. ఆ రోజు కొట్టులో ఒక మూల నిలబడి అందర్నీ చూశాను. దర్జీ చుట్టూ ఒకసారి చూసి కూజాలో నీళ్ళు గిన్నెలోకి ఒంపుకున్నాడు. బస్సు డ్రైవరు గంజిలో ముంచకుండా రొట్టె విడిగా తిన్నాడు. వీధి మలుపులో కుళాయి దగ్గర పెద్దమ్మ దోసిలి పట్టి తాగుతూనే ఉంది. ఎనిమిది నెలలుగా ఉప్పుకషాయం పోస్తున్నాను. వీధి వీధంతా నోరు మెదపకుండా మింగింది. నాకూ దాహం వేసేది. పొయ్యి వేడి అనుకున్నాను.

తిట్టి ఉంటే ఉండేదాన్ని అన్నయ్యా. వాళ్ళ మంచితనాన్నే తట్టుకోలేకపోయాను. పది రోజుల్లో ఈ పని వెతుక్కుని వచ్చేశాను. ఇక్కడ నాలుకతో పని లేదు, కాటా ఉంది. ఉప్పు తూచి ఇస్తారు, మరొకరు రుచి చూస్తారు. నన్ను ఎవరూ ఏమీ అనరు. ఎవరూ ఏమీ అడగరు కూడా. భోజనం గంటలో ఎవరి పళ్ళెం వాళ్ళదే. పెద్దమ్మ తలుపు తియ్యమన్నాక పొద్దుటి వెలుతురు బల్ల మీద పడడం, దర్జీ ఎవరైనా అలిసి వస్తే కిటికీ పక్క చోటిచ్చి తను నిలబడి తాగడం, రొట్టెలాయన మాడిన అంచు మనకోసం దాచడం, ఇవన్నీ రోజూ ఏదో ఒక వేళ గుర్తొస్తాయి. రుచి లేని నోటికి కూడా ఆ రొట్టె కరకర వినిపించేది. ఇక్కడి రొట్టెకి చప్పుడు లేదు.

అందుకే రాను. పొయ్యి వదిన చెల్లెలికి అప్పగించు. ఆమె చేయి మంచిది. పెద్దమ్మకి మాత్రం ఈ సంగతి చెప్పకు.

నీ చెల్లి

*

చెల్లాయికి,

ఇక్కడ ఎండ కాస్తోంది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి చదువుతుంటే "సమంగా రెండు చెంచాలు" అన్న చోట ఆగిపోయాను. తర్వాతి మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

నీకు వాసన తెలియడం లేదని నాకు తెలుసు. ఒకరోజు నీ పక్కనే ఉల్లిపాయలు మాడుతుంటే నువ్వు తీరిగ్గా గిన్నెలు తుడుస్తున్నావు. అడుగుదామనుకుని కూడా అడగలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఉప్పు డబ్బా మూత మీద ముందురోజు నేను పెట్టిన అగ్గిపెట్టె పెట్టినట్టే ఉంది. ఉప్పు మరిచిపోయావనుకున్నాను. నువ్వు పెరట్లోకి వెళ్ళగానే రెండు చెంచాలు వేసి కలిపాను. పెద్దమ్మ సరిపోయిందంది. మర్నాడూ మరిచిపోతావేమోనని మళ్ళీ వేశాను. అలా నువ్వు వెళ్ళేదాకా రోజూ వేశాను. ముందు రుచి చూడకూడదు కదా. తర్వాత చూద్దామంటే డాక్టరు నన్ను ఉప్పు మానేయమన్నాడు. మీ వదిన ఇంటినుంచి పంపిన చప్పిడి కూడే తింటూ కూర్చున్నాను. నీ చేయి ఎక్కడా తప్పలేదు. పాడుచేసింది నేను.

నువ్వు చెప్పొద్దన్నా పెద్దమ్మని అడిగాను. "ఎందుకు చెప్పలేదు పెద్దమ్మా?" అన్నాను.

"తల్లి పోయిన పిల్ల. చెప్తే గరిట పడేస్తుందని ఊరుకున్నా. ఉప్పెక్కువైతే నీళ్ళు తాగుతాం, అంతేగా" అంది.

"నాకైనా చెప్పాల్సింది."

"నీకా? ఉప్పు మానేశానని వీధంతా చెప్పుకు ఏడ్చావు కదరా. ఆ పేరెత్తితే నీకు నోరూరుతుందనుకున్నా."

దర్జీ అక్కడే ఉన్నాడు. "ఆ ఎనిమిది నెలలూ నేను మిషను దగ్గర కూర్చున్నదానికంటే దొడ్డివైపు తిరిగిందే ఎక్కువ" అన్నాడు. ముగ్గురం నవ్వాం. రొట్టెలాయన ఇంకా మనకి ఉప్పు లేని రొట్టెలే పంపుతున్నాడు. మానమని ఎవరూ చెప్పలేదట. రొట్టె చప్పగా ఉందని, నువ్వు వెళ్ళాక పొయ్యి పట్టిన ఈ రెండేళ్ళుగా మీ వదిన అతన్ని తిడుతూనే ఉంది.

నేనే ముందు నోరు తెరిచి అడిగి ఉంటే నువ్వు వెళ్ళేదానివి కాదు. ఇక ఆ కుండలో వేలు పెట్టను. పొయ్యి ఎవరికీ ఇవ్వలేదు. అమ్మ చెంచా మేకుకే ఉంది. ఇంకో మాట. పెద్దమ్మ ఈ నెలాఖరుకి పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. "ఆ పిల్ల వండింది ఒక్కసారి సరైన ఉప్పుతో తాగి పోతాను" అంటోంది. త్వరగా రా.

అన్నయ్య

*

పెద్దమ్మకి,

మనవరాలిచేత చదివించుకో. ఇక్కడ మన వీధిలో పొద్దున్నే మంచు పడుతోంది. ఈ ఉదయం రెండు కుండల గంజి కాచి, రొట్టెలు కోసి, బల్లలు తుడిచాను. రొట్టెలు ఇప్పుడు ఉప్పువే.

అన్నయ్య ఉత్తరం అందిన రోజే పని మానేస్తానని చెప్పాను. నా చోట మరో మనిషి వచ్చేదాకా ఆసుపత్రివాళ్ళు వదల్లేదు. ఉప్పు డబ్బా మీది అగ్గిపెట్టె కదల్లేదని అన్నయ్య నీకూ చెప్పాడట కదా, డబ్బాలో ఉప్పు ముందురోజే చెమ్మకి గడ్డకట్టింది. అందుకే ఆ పొద్దున మూత తీయకుండా కొత్త పొట్లం విప్పి వేశాను. ఈ మాట చెప్తే అన్నయ్య తల బాదుకున్నాడు. నాకు వాసన రాలేదు, రుచీ రాలేదు. ఆ సంగతి వీధిలో అందరికీ నేనే చెప్పేశాను. దర్జీ విని, "అయితే మీ అన్నయ్య వంట నీకొక్కదానికే పెట్టొచ్చు" అన్నాడు.

నీ చోట వచ్చినావిడ పొడుగ్గా ఉంటుంది, మాట కరుకు. మొదటిరోజు గిన్నె అందించాను. రెండు గుక్కలు తాగి, "ఉప్పు సరిపోయింది. మిరియాలు ఎక్కువ. రేపు తగ్గించు" అంది. ఆవిడ మాట నమ్మి తలుపు తీశాను. నువ్వు అరుగు మీద చీపురు ఆనించే చోట గోడ ఇంకా నున్నగానే ఉంది. ఆవిడ చీపురు రెండోవైపు పెడుతుంది.

నేను శనివారం తొమ్మిదింటికి బస్సు దిగాను. నువ్వు ఆ పొద్దున ఏడింటి బస్సుకి వెళ్ళిపోయావట.

నీ పిల్ల