సున్నా రాసినందుకు

ఏఈ రాజకుమారి గారికి,
సోలార్ పంపు చూసే కిల్లో గాసి నమస్కారం. నా రాత వంకర. చదివింది ఐదే. తప్పులు దిద్దుకుని చదవండి.

అమావాస్యనాడు పుస్తకంలో సున్నా లీటర్లు రాశాను. పంపు పాడైంది, ఊడదీసి వేరే ఊరికిస్తామని మీరు కాగితం పంపారు. పాడవలేదమ్మా. ఆ రోజు గ్రహణమని టీవీలో చెప్పారు. మా ఇంటిది సోములమ్మ, "గెరనం ఎండతో తోడిన నీల్లు ఎవులు తాగుతారు?" అని సోలార్ పలకల మీద దుప్పట్లు కప్పింది. పంపు పోతే మేం రోజూ నీళ్ళకి కింద గెడ్డలోకి దిగాలి. దిగితే ఎక్కలేం.

ఇట్లు, గాసి

తా.క. గ్రహణం ఎప్పుడు విడిచిందో మీకు తెలిస్తే రాయండి. దుప్పట్లు ఇంకా తీయలేదు.

*

గాసి గారికి,
ఆ గ్రహణం మన దేశంలో కనబడనే లేదు! వెంటనే దుప్పట్లు తీయండి. మీ పుస్తకంలో లెక్కే ఇక్కడ కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. దానికి సున్నా అంటే పాడైన పంపు. సున్నా కొట్టేసి, గడి ఖాళీగా వదలండి.

ఇట్లు, రాజకుమారి

తా.క. ఒక్క సున్నాయే కదా?

*

అమ్మా,
పదకొండు. మీ ఉత్తరం సంతకొచ్చిన వాళ్ళ చేత అందేసరికి అన్ని రోజులైంది. దుప్పట్లు తీశాం. నీళ్ళొస్తున్నాయి.

సున్నాలు కొట్టేయలేను. ఖాళీ వదిలితే నేను పంపు చూడ్డానికి కొండెక్కలేదని అర్థం. ఎక్కాను. చూశాను. నీళ్ళు లేవు. అదే రాశాను. టీవీలో సూర్యుణ్ణి చూశాను, నడుమ నల్లగా, చుట్టూ గీత. అచ్చం నా సున్నాయే. సూర్యుడు పాడైపోయాడని ఎవరూ కాగితం పంపలేదు.

ఇట్లు, గాసి

తా.క. "మన మీద పట్టని గెరనానికి అంత గోలేటి? ముందు ఆ టీవీవోడి మీద కప్పాలి దుప్పటి" అంటోంది సోములమ్మ.

*

గాసి తాతకి,
పదకొండు సున్నాలు చూసి కంప్యూటర్ ఆర్డరు ఇచ్చేసింది. సోమవారం పంపు ఊడదీయడానికి వస్తారు. ఆపడం నా చేతిలో లేదు. పుస్తకం చూపించండి.

ఇట్లు, రాజకుమారి

*

అమ్మా,
పెద్ద ఇంజనీరు గారు పంపు ఊడదీసే పానాలతో వచ్చారు. పంపు తిప్పి చూశారు, నీళ్ళొచ్చాయి. నా పుస్తకం చదివారు. చుట్టుపక్కల ఆరు ఊళ్ళ పుస్తకాలూ తెప్పించారు. అన్నిటిలో రోజూ రెండు వేల లీటర్లే, ముసురు రోజున కూడా. వెళ్ళి చూస్తే ఆ పంపులన్నీ ఎప్పుడో ఆగిపోయాయట.

"లేనప్పుడు లేదని రాసినోడివి నువ్వొక్కడివేనయ్యా" అని మా పంపు వదిలేశారు. సోములమ్మ ఏడ్చింది.

తరవాత, ఆ ఆరు పంపులూ బాగుచేయిస్తాం, ఇకనుంచి వాటి పుస్తకాలు కూడా నువ్వే రాయాలి అన్నారు. ఆరు కొండలమ్మా. వద్దనడానికి నోరు రాక తలూపాను. ఆయన సంతోషంగా వెళ్ళిపోయారు.

నేను వద్దన్నానని మీరే ఆయనకి చెప్పండి. బేగి జవాబు రాయండి. మొదటి కొండ రేపే.

ఇట్లు, గాసి