రావలసిన ఒక్క ఫిర్యాదు

రాజధాని,
1868 మే 6

ప్రియమైన పెట్రొనీలా అక్కకు,

నీ తమ్ముడు డమాసో దండాలు. మోకాలి నొప్పి తప్ప ఒంట్లో బాగానే ఉంది. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న ఫాదర్ బసీలియో గారికి కూడా నా నమస్కారాలు. ఫాదర్, మీ దస్తూరీ ఏటికేడూ ఎంత కుదురుగా అవుతోందండీ! వయసు పైబడితే అందరికీ చెయ్యి వణుకుతుంది, మీకేమో అక్షరం గుండ్రంగా తిరుగుతోంది. మా అక్క చెప్పే మాటల్ని ఒక్కటి కూడా పొల్లు పోకుండా రాస్తున్నారు. ఆవిడ తిట్లతో సహా.

అక్కా, కుర్చీ దిగిపోయాను. పోయిన నెల ఆఖరి రోజున ఆ మూడు రంగుల పట్టీ భుజం మీంచి తీసి, మడిచి, కొత్తాయన చేతిలో పెట్టాను. పద్నాలుగో ఏట నాన్న కంచర గాడిదల వెనక నడిచినవాణ్ణి. ఇరవయ్యో ఏట సార్జెంటును, నలభై రాకుండానే కల్నల్‌ను, తర్వాత సభలో ప్రతినిధిని, వరసగా రెండుసార్లు దేశాధ్యక్షుణ్ణి. బళ్ళు పెట్టించాను, వంతెనలు కట్టించాను, రెండు తిరుగుబాట్లు అణిచాను. చెప్పుకోవడానికి ఇదంతా బాగానే ఉంటుంది. నిజం చెప్పమంటే మాత్రం, అలిసిపోయాను. ఎవరైనా వచ్చి బూట్లు విప్పి పడుకోబెడితే చాలనిపిస్తోంది.

కానీ అప్పుడే ఇంటికి రావడానికి లేదు. పదవి దిగినవాడు అరవై రోజులు రాజధాని దాటకూడదన్న పాత ఆచారం మన చట్టంలో ఇంకా ఉంది కదా. రోజూ పొద్దున చర్చి ముందు దండోరా వేస్తారు: "డమాసో ఒకారిస్ మీద ఫిర్యాదు ఉన్నవాళ్ళు రావచ్చహో! ఆయన ఇప్పుడు అధ్యక్షుడు కాడు, భయపడక్కర్లేదహో!" నేను పాత మఠం వసారాలో జడ్జి బల్ల ముందు కూర్చుని ఎవరేమన్నా వినాలి. స్పెయిన్ రాజులు తమ గవర్నర్లకు పెట్టిన పద్ధతి ఇది. నా మొదటి పాలనలో మంత్రులు ఎత్తేద్దామంటే వద్దన్నవాణ్ణి నేనే. ఇప్పుడు అనుభవిస్తున్నాను.

నిన్న కుండలు చేసే ముసలావిడ ఒకామె వచ్చింది. దండం లేదు, ఏం లేదు, నేరుగా నా ముఖంలోకి చూసి, "నా కంచర గాడిద ఏదయ్యా?" అంది.

"ఏ గాడిదమ్మా?" అన్నాడు జడ్జి.

"మూడు కాళ్ళు తెల్లగా ఉంటాయి. మీ సైన్యం వాళ్ళు తోలుకుపోయారు. రేపు ఇచ్చేస్తాం అవ్వా అన్నారు. ఆ రేపు పదేళ్ళయినా రాలేదు."

"ఇన్నేళ్ళకి అది చచ్చిపోయి ఉంటుందమ్మా," అన్నాను.

"చచ్చిపోతే ఆ మాట చెప్పడానికి నోళ్ళు లేవా? పిచ్చిదాన్నై రోజూ దాని కొట్టంలో గడ్డి మారుస్తున్నానే!"

వసారా అంతా ఘొల్లుమంది. గుమాస్తా కలం కూడా కింద పడేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఉర్సులా ఎలా ఉంది? రోజూ మన ఇంటికి వస్తుందని రాశావు. ఈ దండోరా సంగతి విన్నదా? నువ్వేం అడగకు. చూసి ఊరికే రాయి.

నీ తమ్ముడు,
డమాసో


రాజధాని,
1868 మే 24

అక్కా,

నీ జాబు అందింది. బంగాళదుంపలు రాత్రి మంచుకూ పగటి ఎండకూ బాగా ఎండాయని విని సంతోషించాను. ఆ ఎండు దుంపల సూపు తలచుకుంటే ఇక్కడ భోజనం గొంతు దిగడం లేదు. 

ఉర్సులా నవ్వి, "కొంపాద్రె మీద నాకేం ఫిర్యాదు? తప్పు నదిది" అందని రాయించావు. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివానో తెలియదు.

నీకు తెలిసిన కథే. అయినా మళ్ళీ రాయాలనిపిస్తోంది, ఓపిక పట్టి విను. ఫెర్మిన్ తాపియా, నేను ఒకే వీధిలో పెరిగాం. నేను సైన్యంలోకి పోయాను, వాడు మన సాన్ రోకెలోనే బడిపంతులై కూర్చున్నాడు. పిల్లలతో పాటు పెళ్ళానికీ అక్షరాలు దిద్దించాడని ఊరంతా ఎంత నవ్వింది! వాడి కూతురి జ్ఞానస్నానంలో బిడ్డను ఎత్తుకున్నవాణ్ణి నేను. జ్ఞానతండ్రిని. ఆ రోజు నుంచి వాడూ నేనూ ఒకరికొకరం కొంపాద్రెలం, వాడి భార్య ఉర్సులా నాకు కొమాద్రె. ఆ వరస పడ్డాక ఒకళ్ళ మీద ఒకళ్ళు చెయ్యెత్తకూడదు, కోర్టుకు పోకూడదు, గట్టిగా ఒక మాట కూడా అనుకోకూడదు. రక్తం పంచుకు పుట్టినవాళ్ళు కొట్టుకున్నా ఫరవాలేదు, కొంపాద్రెలు కొట్టుకుంటే దేవుడు క్షమించడని అమ్మ అనేది.

దక్షిణాది తిరుగుబాటులో ఫెర్మిన్ తిరుగుబాటుదార్ల పక్షాన కరపత్రాలు రాశాడు. దొరికిపోయాడు. సైనిక కోర్టు మరణశిక్ష వేసింది. నేను క్షమాభిక్ష పంపాను, దారిలో పార్దో నది పొంగి రౌతు ఆగిపోయాడు, కాగితం ఒక రోజు ఆలస్యంగా చేరింది. దేశమంతా చెప్పుకునే కథ ఇదే. స్నేహితుడి కోసం ఏడ్చిన అధ్యక్షుడని పత్రికలు రాశాయి. నది మీద రాతి వంతెన కట్టించి ఫెర్మిన్ పేరు పెట్టాను. ప్రారంభం రోజున ఉర్సులా నల్లబట్టలతో వచ్చి అందరి ముందూ నా చెయ్యి ముద్దు పెట్టుకుంది.

ఇవాళ్టికి నూట పన్నెండు మంది వచ్చి వెళ్ళారు. చర్చి గంట కరిగించి ఫిరంగి పోయించానని ఒకాయన, ఊరేగింపులో నా గుర్రం తన పూలకుండీ తన్నిందని ఒకావిడ. ఎవరు మెట్లెక్కుతున్నా నల్లబట్టలేమోనని చూస్తాను. కాదు. మళ్ళీ కూర్చుంటాను.

నీ,
డమాసో


రాజధాని,
1868 జూన్ 18

అక్కా,

ఫాదర్, దయచేసి తలుపు వేసి చదవండి. ఇది నేను పాపం ఒప్పుకునే పాపసంకీర్తనం అనుకోండి. అక్క తప్ప ఇంకెవరి చెవినా పడకూడదు.

అక్కా, నువ్వు నన్ను ఎత్తుకుని పెంచినదానివి. నీకు చెప్పకుండా చచ్చిపోతే ఏ పెట్టెలో పెట్టి పూడ్చినా నాకు నిద్ర పట్టదు. నది తప్పేమీ లేదు.

ఫెర్మిన్‌ను శనివారం పొద్దుపొడుపున కాలుస్తారని నాకు ముందే తెలుసు. గురువారం పొద్దున్నే క్షమాభిక్ష మీద సంతకం పెట్టాను. గుర్రాలు మార్చుకుంటూ పోతే శుక్రవారం సాయంత్రానికల్లా చేరేది. అంతలో యుద్ధమంత్రి వచ్చాడు. "మీ కొంపాద్రెనొక్కణ్ణే వదిలేస్తే రేపు ఏ దళం మీ మాట వింటుంది సార్?" అన్నాడు. కాగితాన్ని సిరాబుడ్డి కింద పెట్టాను. మధ్యాహ్నం భోజనం చేశాను. సాయంత్రం రాయబారులెవరో వస్తే వాళ్ళతో నవ్వుతూ మాట్లాడాను. అంతసేపూ ఆ కాగితం అంచు నాకు కనబడుతూనే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం, ఇక చేరదని రూఢి అయ్యాక, రౌతును పిలిచి ఇచ్చాను. "ప్రాణం పోయినా సరే, ఆగొద్దు!" అని పదిమంది వినేలా అరిచాను కూడా. నది పొంగడం నా అదృష్టం. పొంగకపోయినా వాడు బతికేవాడు కాడు.

క్షమించాడన్న పేరూ నాకే కావాలి, ఫెర్మిన్ అడ్డూ తొలగాలి. రెండూ దక్కాయి. దానికి పదకొండేళ్ళుగా జీతం ముట్టినట్టు పొగడ్తలు ముడుతున్నాయి.

అందుకే ఈ ఆచారం ఎత్తేయనివ్వలేదక్కా. ఎప్పటికో ఒకనాటికి ఈ బల్ల ముందు ఎవరో ఒకరు ఆ గురువారం గురించి అడుగుతారని లోలోపల ఆశ. అడిగితే ఒప్పేసుకునేవాణ్ణి, ఒట్టు. నిన్న నేనే లేచి, "నా మీద నాకొక ఫిర్యాదుంది" అన్నాను. జడ్జి కళ్ళజోడు తీసి, "ప్రతివాదే వాది ఎలా అవుతారండీ? చట్టంలో లేదు. మీరు అలిసిపోయారు, కాస్త చాక్లెట్ తాగండి" అన్నాడు. మూడు వందల మంది చూస్తున్నారు. కూర్చున్నాను. ఆ పిరికితనం అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే.

ఉర్సులాకు చెప్పకు. చెప్పవలసినవాణ్ణి నేను. చెప్పలేకపోతున్నాను.

డమాసో


రాజధాని,
1868 జూలై 1

అక్కా,

నిర్దోషినని తీర్పు ఇచ్చారు. ముసలావిడకు ఒక కంచర గాడిదను ఇప్పించమన్నారు, అంతే. బయట బాణసంచా కాల్చారు. నన్ను భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. మోకాలు ఇంకా నొప్పెడుతోంది.

నేను ఇంటికి రావడం లేదు. మన వీధిలో మన ఇంటికి రావాలంటే ముందు ఆ వంతెన దాటాలి, తర్వాత ఉర్సులా గుమ్మం దాటాలి. ఆమె "రండి కొంపాద్రే" అని కుర్చీ వేస్తే నేను కూర్చోలేను. ఈ నెల 28న రేవు నుంచి ఓడ ఉంది. ఎక్కడికి పోతుందో కూడా సరిగా కనుక్కోలేదు. నన్ను క్షమించు. నేను పోయానని ఏడవకు, ఉన్నన్నాళ్ళూ నీకు ఒరగబెట్టిందేమీ లేదు.

నీ తమ్ముడు,
డమాసో


సాన్ రోకె,
1868 జూలై 10

కొంపాద్రె డమాసో గారికి,

ఇది మీ అక్క చెప్పి రాయించిన ఉత్తరం కాదు. ఫాదర్ బసీలియో గారు రాసిందీ కాదు. ఆయన రెండు కళ్ళకూ పొర కమ్మి ఎనిమిదేళ్ళయింది. పూజ కూడా కంఠతా వచ్చింది చెప్పి ముగిస్తున్నారు. మీకు చెబితే పరాయి మనిషి చదువుతోందని ఉత్తరాలు రాయడం మానేస్తారని పెట్రొనీలా దాచిపెట్టమంది. ఎనిమిదేళ్ళుగా మీ ఉత్తరాలు చదువుతున్నది నేను. మీ అక్క జవాబులు రాస్తున్నదీ నేనే. మీరు మెచ్చుకున్న గుండ్రటి దస్తూరీ ఫెర్మిన్ నాకు దిద్దించింది. "తప్పు నదిది" అని రాసింది కూడా ఈ చెయ్యే.

మీ జూన్ ఉత్తరం వచ్చినప్పుడు మీరు చెప్పినట్టే తలుపు వేశాను. పెట్రొనీలా మొక్కజొన్నలు ఒలుస్తూ ఎదురుగా కూర్చుంది. "నది తప్పేమీ లేదు" దాకా పైకి చదివాను. తర్వాతి ముక్క కళ్ళతో చదివి ఆగిపోయాను.

"ఏమైందే? చదవవేం?" అంది.

"ఇక్కడ సిరా అలికిపోయింది వదినా. కనబడట్లేదు."

"వాడంతే! చిన్నప్పట్నుంచీ అంతే. రాస్తూ రాస్తూ చాక్లెట్ ఒలకబోసుకుంటాడు. పోనీ, బాగున్నానని రాశాడా?"

"బాగున్నాననే రాశారు."

ఎనిమిదేళ్ళలో కాగితం మీద లేనిది చదవడం అదే మొదటిసారి. ఇంటికి పోయి రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. మీ మీద నాకు కోపం వచ్చిందని రాయడానికి ఈ కాగితం చాలదు. నేను ఆ నదిని పదకొండేళ్ళు తిట్టాను. బట్టలు ఉతకడానికి పోయిన ప్రతిసారీ దాన్లో ఉమ్మేశాను. పాపం, అదేం చేసింది?

మీకు తెలియని సంగతి ఒకటుంది. మీరు బాధపడతారని ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నాను. శుక్రవారం సాయంత్రం జైలుకు సూపు పట్టుకెళ్ళాను. ఫెర్మిన్ నిబ్బరంగా ఉన్నాడు. "ఏడుస్తావెందుకే పిచ్చిమొహమా? డమాసో కాగితం ఈపాటికి బయల్దేరే ఉంటుంది. వాడు నా కొంపాద్రె" అన్నాడు. సూపంతా తాగాడు. ఇంకాస్త ఉందా అని అడిగాడు. ఇప్పుడు మీరు బాధపడండి. నాకు అభ్యంతరం లేదు.

కొంపాద్రెలు కోర్టుకు పోకూడదు, నిజమే. నేను మీ జడ్జి దగ్గరికి రాను. కానీ మీ అరవై రోజులు అయిపోయాయని ఎవరు చెప్పారు? ఫిర్యాదు ఉన్న మనిషి ఇక్కడ మిగిలే ఉంది. నా మాట వినకుండా ఓడ ఎక్కితే అది పారిపోవడమే అవుతుంది. దండోరా లేదు, గుమాస్తా లేడు. మా గుమ్మంలో నేను కూర్చుంటాను, మీరు వీధిలో నిలబడండి. కుర్చీ వెయ్యను. పదకొండేళ్ళది చెప్పాలి, ఎన్ని రోజులు పడుతుందో నాకే తెలియదు. క్షమిస్తానని మాత్రం ఆశ పెట్టుకోకండి, ఆ మాట నేను ఇవ్వలేను.

వంతెన మీంచి రావద్దు. వానలు లేని కాలం కదా, పార్దోలో నీళ్ళు మోకాలు దాటవు. బూట్లు విప్పుకుని దాని మధ్యలోంచి నడిచి రండి. 

మీ జూలై ఉత్తరం, ఓడ సంగతి, మీ అక్కకు చదవలేదు. వసారాలో మీ మంచానికి కొత్త నులక అల్లిస్తోంది. తమ్ముడు ఎప్పుడు వస్తాడని రోజూ అడుగుతోంది, త్వరలో అంటున్నాను. ఆ జూన్ ఉత్తరాన్ని మడిచి నా దగ్గరే పెట్టుకున్నాను. అది ఆమెకు చదవాలి. ఇన్నేళ్ళూ మీ ఉత్తరాలు నేను చదివిపెట్టాను కొంపాద్రే. అదొక్కటీ మీరే వచ్చి, ఆమె ముందు కూర్చుని, మీ నోటితో చదవండి.

మీ కొమాద్రె,
ఉర్సులా తాపియా