అక్క బస్సుకు మెడదిండు

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు ముందుగా అందించి సంగతిలోకి వస్తున్నాను. కిటికీలోంచి చెబుదామంటే వీలు పడదు. మీ ఊళ్ళో నా బస్సు ఆగేది టీ తాగేంతసేపే. నువ్వు ఫ్లాస్కు అందించడం, నేను ఖాళీది తిరిగివ్వడం, వెనకాల ఆటోవాడు హారన్ కొట్టడం, ఇంతలోనే టైము అయిపోతుంది.

ఈ నెలాఖరుకి నేను స్టీరింగ్ అప్పగించేస్తున్నాను. రిటైర్మెంటు. ఇన్నేళ్ళలో ఈ రూట్లో ఊరూవాడా నా బండెక్కింది. పెళ్ళివాళ్ళు ఎక్కారు, పోలీసులు ఎక్కారు, ఓసారి మేకలు కూడా ఎక్కాయి. ఎక్కనిది నువ్వొక్కడివే. టీ ఇచ్చేసి, బస్సు కరుస్తుందన్నట్టు నాలుగడుగులు వెనక్కి వేస్తావు.

నా పెళ్ళి బస్సులో మా మామగారి కొత్త చొక్కా మీద నువ్వు చేసిన ఘనకార్యం నాకూ గుర్తుంది. అప్పటికి నీకు పాలపళ్ళు కూడా ఊడలేదు. ఇప్పుడు ఊరందరి జుట్టూ కత్తిరించే నీకే జుట్టు మిగల్లేదు. ఇంకా ఆ భయమేనా?

నెలాఖరు రోజు నా చివరి ట్రిప్పు. మీ ఊరి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి కొండ మీది ఊరిదాకా. దండలొద్దు, ఉపన్యాసాలొద్దు. నా వెనక సీట్లో నువ్వు కూర్చోవాలి, నేను అద్దంలో చూసుకోవాలి. నాకు కావలసింది అంతే.

ఇట్లు,
నీ మీద ఇంకా ఆశ వదులుకోని
అక్క

తా.క.: కొత్త చొక్కా వేసుకోకు. కండక్టరుకి కూడా అదే చెప్పాను.

*

అక్కకి,

తమ్ముడు నమస్కరించి, గుండె గట్టి చేసుకుని రాస్తున్నాడు.

వస్తున్నాను. నీ ఉత్తరం సెలూన్‌లో అద్దం ముందు నిలబడి చదివాను. ఊరూవాడా ఎక్కిన బండి సొంత తమ్ముడు ఎక్కలేదంటే ఆ అద్దంలో నా మొహం నేనే చూసుకోలేకపోయాను. ఈసారి తాడోపేడో తేల్చుకుంటాను.

బస్టాండు గేటు పక్కన ఒకాయన దుప్పటి పరిచి ప్రయాణం సామాన్లు అమ్ముతాడు. అన్నీ చవకే. ఒక క్షవరం డబ్బుకి మణికట్టు పట్టీల జత వచ్చింది. లోపల బొత్తాం లాంటిది ఉంటుంది, అది నరాన్ని నొక్కితే కడుపులో తిప్పడం తగ్గుతుందట. క్షవరానికి గడ్డం కలిపితే మెడదిండు వచ్చింది. మెడ చుట్టూ పెట్టుకుంటే బస్సు ఎటు ఊగినా తల ఊగదు.

సాధన కూడా మొదలుపెట్టాను. నా సెలూన్ కుర్చీ బస్సు సీటుకేం తీసిపోదు. వెనక్కి వాలుతుంది, గుండ్రంగా తిరుగుతుంది, కాళ్ళు పెట్టుకునే చోటు ఉంది. గిరాకీ లేనప్పుడు మెడదిండు పెట్టుకుని, పట్టీలు కట్టుకుని అందులో కూర్చుంటున్నాను. నీ మరదలు కుర్చీ పట్టుకుని మలుపులు తిప్పుతోంది. మనసులో ఏం పెట్టుకుందో గానీ మలుపులు మరీ గట్టిగా తిప్పుతోంది.

ఇట్లు,
సాధనలో ఉన్న
తమ్ముడు

తా.క.: వదినా, ఇది నేను, మీ మరదల్ని. మొదటి రోజు సాధన గడ్డం గిన్నెలో ముగిసింది. కొత్త గిన్నె కొన్నాం. పాతది ఏమైందని గిరాకీలు అడిగితే మాట మార్చేస్తున్నాం.

*

తమ్ముడికి,

ఆశీస్సులు ఈసారికి ఆపి ఉంచాను. ఉత్తరం ముగిసేలోగా కోపం తగ్గితే పంపిస్తాను.

నా బండి ఎక్కడానికి నీకు వాంతుల పట్టీ కావాలా? చంటిపిల్లల తల్లులు డ్యూటీలో ఎవరున్నారో కనుక్కుని మరీ నా ట్రిప్పుకి టికెట్టు కొంటారు. మూత లేని గ్లాసులో నీళ్ళు పోసి నా ముందు పెట్టు, ఘాట్ రోడ్డు మొత్తం ఎక్కినా తొణకవు. అలాంటిది నా సొంత తమ్ముడే చేతులకి పట్టీలు కట్టుకుని కూర్చుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఈవిడ డ్రైవింగ్ సంగతి ఇంట్లోవాళ్ళకే బాగా తెలుసు అనుకోరూ?

ఇక మెడదిండు. అంటే నా సీట్లు బాగాలేవనా? డిపో మేనేజరుతో పోట్లాడి మరీ వాటికి కొత్త స్పాంజి వేయించాను.

నిన్న ఫ్లాస్కు అందించేటప్పుడు కూడా నీ చేతికి ఆ పట్టీ ఉంది. నేను చూడలేదనుకున్నావు. కండక్టరు చూసి, "ఏంటి మేడమ్, మీ తమ్ముడి చెయ్యి బెణికిందా?" అన్నాడు. అవునన్నాను. నీ మూలంగా యూనిఫాంలో ఉండి అబద్ధమాడాను.

అవన్నీ ఇంట్లో పడేసి ఖాళీ చేతులతో రా.

ఇట్లు,
అక్క
(కోపం తగ్గలేదు)

తా.క.: ఆ మెడదిండులో గాలి ఊదాలా, లేక దూదే ఉంటుందా? నాకోసం కాదు, కండక్టరు అడుగుతున్నాడు.

*

అక్కకి,

నమస్కారం. నువ్వు ఆపేసిన ఆశీస్సులు వచ్చినట్టే అనుకున్నాను.

నా మాట నువ్వు వేరేగా తీసుకున్నావు. నీ డ్రైవింగ్ మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. అనుమానమంతా నా కడుపు మీదే. నీ బండికి చెడ్డపేరు రాకుండా ఇంకాస్త జాగ్రత్తపడ్డాను. మలుపులు కనిపిస్తేనే కదా కళ్ళు తిరిగేది, అందుకని కళ్ళకి గంతలు కొన్నాను. ఇంజను మోత వినబడకుండా చెవుల్లోకి మెత్తటి బిరడాలు తీసుకున్నాను. కాళ్ళకి చిన్న ఊయల కూడా దొరికింది. ముందు సీటుకి తగిలించుకుంటే పాదాలు హాయిగా గాల్లో ఉంటాయి. నా ముందు సీటు నీదే కాబట్టి నీ సీటుకే తగిలిస్తాను. దిండులో గాలే ఊదాలని కండక్టరుకి చెప్పు. దుప్పటాయన ఈమధ్య నన్ను చూడగానే లేచి నిలబడుతున్నాడు.

సాధన బాగా సాగుతోంది. నిన్న ఘాట్ రోడ్డులో లారీ తోలే ఆయన గడ్డానికి వచ్చాడు. మలుపులు ఎటు తిరుగుతాయో ఆయన వరసగా చెబుతుంటే నీ మరదలు అలాగే కుర్చీ తిప్పింది. కొండ ఎక్కి దిగేశాం. గిన్నెతో పని పడలేదు. సెలూన్‌లో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. లారీ ఆయన గడ్డం మాత్రం ఒక వైపే గీశాను. నా తల తిరగడం ఆగేదాకా రెండో వైపుకి ఆగమన్నాను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నువ్వు మొదటిసారి మా ఊరికి బస్సు తోలుకొచ్చిన రోజు, బస్టాండులో కనిపించినవాళ్ళందరికీ ఆవిడ మా అక్క అని చెప్పుకున్నాను. ఒకాయన "మరి ఎక్కవేం?" అన్నాడు. ఆ మాటకి నేను ఇంకా జవాబు చెప్పలేదు. ఈ నెల దాటితే ఇక చెప్పలేను.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: వదినా, మళ్ళీ నేనే. గంతలు, బిరడాలు పెట్టుకుని మీ తమ్ముడు కుర్చీలో వాలి ఉంటే ఒక పెద్దాయన వచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎప్పుడు జరిగిందమ్మా అని నన్ను అడిగారు.

*

తమ్ముడు అనబడేవాడికి,

కళ్ళకి గంతలు కట్టుకుని నా చివరి ట్రిప్పు చూస్తావా? నేను అద్దంలో చూసుకోవాలనుకున్నది నీ మొహం, నల్లగుడ్డ కాదు. ఘాట్ రోడ్డు రెండో మలుపు దగ్గర హారన్ కొడితే అవతలి కొండ నుంచి మళ్ళీ వినిపిస్తుంది. అది నీకు వినిపించాలని ఎన్నేళ్ళ నుంచో అనుకుంటున్నాను. నువ్వు బిరడాలు కొనుక్కున్నావు. ఇక ఆ ఊయల నా సీటుకి కట్టి, నువ్వు కాలు జాడించినప్పుడల్లా నేను బ్రేకు తొక్కాలా?

తేల్చి చెబుతున్నాను. వస్తే మనిషిలా రా, సామాన్ల దుకాణంలా రావద్దు. కాదంటే అసలే రావద్దు. నా వెనక సీటు కండక్టరు వాళ్ళ అత్తగారికి ఇచ్చేస్తాను. ఆవిడకి పట్టీలూ గిట్టీలూ ఏమీ లేవు.

ఇట్లు,
బస్సు డ్రైవరు

తా.క.: నిన్న టీలో పంచదార లేదు. కోపం ఉంటే నా మీద చూపించు, టీ మీద కాదు.

ఇంకో తా.క.: ఆ పట్టీ ఎడమ చేతికి కట్టాలా, కుడి చేతికా? కండక్టరే.

*

అక్కకి,

నమస్కారం. నీ వెనక సీటు కండక్టరు అత్తగారికే ఇచ్చెయ్యి. నేను కౌంటర్లో టికెట్టు కొన్నాను. ఆఖరి వరసలో, చక్రం మీది సీటు. మిగిలింది అదొక్కటే. తమ్ముడిగా రావద్దన్నావు కాబట్టి ప్రయాణికుడిగా వస్తున్నాను. టికెట్టు ఉన్నవాణ్ణి దింపే హక్కు డ్రైవరుకి లేదట, కండక్టరే చెప్పాడు. సామాన్లన్నీ తెస్తాను.

పట్టీలు రెండు చేతులకీ కట్టాలి. అతనికి చెప్పు.

ఇట్లు,
ఆఖరి వరస ప్రయాణికుడు

తా.క.: వదినా, పంచదార ఆపింది నేను. కుర్చీ తిప్పి తిప్పి నా చేతులు పడిపోతుంటే మీరు రావద్దని రాస్తారా?

*

అక్కకి,

కొండ ఎక్కి దిగిన తమ్ముడి నమస్కారం.

మొన్న బస్సు దిగగానే నీతో మాట్లాడదామంటే డిపో వాళ్ళు నిన్ను చుట్టేశారు. సాయంత్రం బస్సుకి నేను వచ్చెయ్యాల్సి వచ్చింది. అందుకే చెప్పాల్సినదంతా ఇక్కడ చెబుతున్నాను.

మొదటి మలుపు దాటేదాకా అన్నీ పెట్టుకునే ఉన్నాను. రెండో మలుపు దగ్గర నువ్వు హారన్ కొట్టావు. బిరడాల్లోంచి కూడా వినిపించింది. ఒకటి తీశాను. అవతలి కొండ నుంచి హారన్ తిరిగొచ్చింది, నువ్వు రాసినట్టే. రెండోదీ తీసేశాను. ఆ తర్వాత గంతలు. అక్కా, చంటిపిల్లాడి చెవి చుట్టూ నేను కత్తెర తిప్పినట్టు అంత పెద్ద బండిని తిప్పుతున్నావు. అద్దంలో నువ్వు నన్ను వెతకడం చూశాను. చెయ్యెత్తాను. నువ్వు చూపు తిప్పేసుకున్నావు. నేను మాత్రం ఏడ్చాను, దాచుకోవడం దేనికి. పట్టీల దయో నీ దయో తెలియదు గానీ కడుపు మాత్రం కదల్లేదు.

ఇప్పుడు నా బాధ విను. నిన్న నువ్వు ప్రయాణికురాలిగా తిరిగి వస్తావని తెలిసి ఫ్లాస్కు పట్టుకుని, అలవాటుకొద్దీ డ్రైవరు కిటికీ దగ్గరే నిలబడ్డాను. కొత్త డ్రైవరు ఏమీ అడక్కుండా టీ తాగేశాడు. మా అక్కేది అంటే వెనక్కి చూపించాడు. నేనే బస్సెక్కి వెతికాను. ఖాకీ ఎక్కడా కనిపించలేదు. ఆఖరి వరసలో ఎవరో ముసలావిడ, తువ్వాలు తల మీంచి కప్పుకుని, స్టీలు డబ్బాలో మొహం పెట్టుకుని ఉంది. పాపం అనిపించింది, ఆ అవస్థ నాకు తెలుసు కదా. నా పట్టీలు రెండూ విప్పి ఆవిడ ఒళ్ళో పెట్టి, ఎలా కట్టుకోవాలో చెప్పి దిగిపోయాను. డబ్బాలోంచి తలెత్తలేదు ఆవిడ.

నువ్వు వేరే బస్సులో వెళ్ళిపోయావా? నా మొహం చూడనంత కోపం ఇంకా ఉందా? సామాన్లు తెచ్చినందుకే అయితే అన్నీ పారేస్తాను. జవాబు రాయి అక్కా.

ఇట్లు,
తమ్ముడు

తా.క.: వదినా, నిన్న టీలో పంచదార వేశాను. అంతా కొత్త డ్రైవరు పాలైంది.

*

తమ్ముడికి,

ఇన్నాళ్ళూ ఆపి ఉంచిన ఆశీస్సులన్నీ కలిపి ఒక్కసారే పంపిస్తున్నాను.

ఆ ముసలావిడ నేనే. ముసలావిడ అన్న సంగతి తర్వాత తేల్చుకుందాం.

ఆ స్టీలు డబ్బా డిపో వాళ్ళు ఇచ్చిన బహుమతి. మూత మీద నా పేరు చెక్కించారు. మొదటి మలుపు రాకముందే దాన్ని వాడాను. కొత్త డ్రైవరు తప్పేమీ లేదు, బాగానే తోలాడు. నీకు ఏం కనిపించిందో చూద్దామని నీ సీట్లోనే కూర్చున్నాను. నాకు డబ్బా అడుగు తప్ప ఏమీ కనిపించలేదు.

చిన్నప్పటి నుంచీ నాకూ ఇంతే. ఎవరికీ తెలియదు. పెళ్ళి బస్సులో పెళ్ళికూతురు డ్రైవరు పక్కన కూర్చుందని, ఎంత ధైర్యమోనని మా అత్తగారు ఇప్పటికీ చెబుతారు. ధైర్యం కాదు. రోడ్డు ఎదురుగా కనిపిస్తుంటే కడుపులో తిప్పదని కనిపెట్టాను. తర్వాత స్టీరింగ్ మన చేతిలోనే ఉంటే అసలే తిప్పదని తెలిసింది. నాకేమో ఊళ్ళు తిరగాలని ఉండేది. కూర్చుని తిరగలేను కాబట్టి తోలుకుంటూ తిరిగాను. డ్యూటీ మీద తప్ప నేను ఎప్పుడైనా మీ ఊరు రావడం చూశావా?

స్టీరింగ్ అప్పగించాక ఇక నీ దగ్గరికి ఎలా రావాలన్నదే నా దిగులు. దాంతోనే నీ పట్టీలు చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది. నాకు కావలసినవన్నీ నువ్వు తగిలించుకుని తిరుగుతున్నావు, నోరు తెరిచి అడగలేను. ఆ తా.క.ల్లో అడిగిందంతా నేనే, కండక్టరు కాదు.

నువ్వు ఒళ్ళో పెట్టిన పట్టీలు కట్టుకున్నాను. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా డబ్బా మూత తీయలేదు. నా పక్కనే నువ్వు నిలబడి ఎలా కట్టుకోవాలో చెబుతుంటే తలెత్తాలని ఎంత అనిపించిందో. డబ్బా వదిలే పరిస్థితి లేకపోయింది.

కాబట్టి దేన్నీ పారెయ్యకు. ఒక రోజు సెలూన్ మూసేసి, మెడదిండు, గంతలు, బిరడాలు, ఊయల అన్నీ పట్టుకుని వచ్చి నన్ను మీ ఊరు తీసుకెళ్ళు. కిటికీ పక్క సీటు నాది. దిగగానే నన్ను నేరుగా నీ కుర్చీలో కూర్చోబెట్టు. ఘాట్ రోడ్డు నాకు కంఠతా వచ్చు, మలుపులు నేను చెబుతాను, నువ్వు తిప్పు. బాగా సాధన అయ్యాక ఇద్దరం టికెట్లు కొనుక్కుని కొండెక్కుదాం.

ఇట్లు,
టికెట్టు కొనే వయసొచ్చిన
అక్క

తా.క.: వచ్చేటప్పుడు కొత్త చొక్కా వేసుకోకు. మరదలికి చెప్పు, గడ్డం గిన్నె ఇంకొకటి కొని ఉంచమని.