పదకొండో గుండు

శ్రీవారికి, మీ ఇంటావిడ రెండు చేతులూ జోడించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, అత్తయ్యా, వరండాలో పిల్లల్ని పెట్టిన పిల్లీ కులాసా. అక్కడ మీరూ, వదినగారూ, మీ కుడిచేతి వేళ్ళూ కులాసా అని తలుస్తాను. వేళ్ళ సంగతి మూడు ఉత్తరాల నుంచీ మీరు రాయడం లేదు. ఎడమచేతి రాత మాత్రం కుదురుకుంది. వేళ్ళు వంచే వైద్యం సాగుతోందో, విసుగొచ్చి మానేశారో వదినగారి చేతనైనా ఒక ముక్క రాయించండి.

ముందు మీరడిగినవాటికి జవాబులు. వంటింటి కప్పు కారడం ఆగింది, రేకు మార్పించాను. అత్తయ్య మోకాలికి రోజూ నూనె రాస్తున్నాను, ఆవిడ రోజూ నన్ను తిడుతున్నారు, అంటే బాగానే ఉన్నారు. వేసవిలో పట్నం ఎందుకు వెళ్ళావని మళ్ళీ అడిగారు. బట్టలకని రాశాను కదా, అది అబద్ధం. అసలు సంగతి కింద వస్తుంది. గుండ్లు కాల్చే గొట్టాలు పాత ఇనుముకు వేసేశావా అని అడిగారు. అదీ కిందే వస్తుంది. మీకు కోపం తెప్పించేవన్నీ ఒకచోట పెట్టాను, విడివిడిగా ఆయాసపడనక్కర్లేదు.

నెల కిందట పండగ కమిటీ కూర్చుంది. మన గొడుగు మాస్టారు ఇంటి లోపల కూడా గొడుగు చంకలోనే పెట్టుకుని, పోయినేడు జరిగిన ప్రమాదం వల్ల ఈ శరత్తులో బాణసంచా మానేసి పాటలవాళ్ళను పిలిపిద్దామని తీర్మానం చదివారు. అనుమతులిచ్చే ఆఫీసరు కొత్తగా వచ్చాడు. "అసలు మంచు పడే రోజుల్లో ఈ మందు కాల్చడం ఏమిటండీ, చక్కగా ఆకాశం తేటగా ఉన్నప్పుడు కాల్చుకోక?" అన్నాడు. వెనక బెంచీ మీంచి అత్తయ్య లేచారు. మోకాలు నొప్పని ఇంట్లో గ్లాసు కూడా అందుకోని మనిషి!

"మంచు పడుతుంది కాబట్టే నాయనా! మా మామగారి తాతల నాటి మాట. రెల్లు కోసుకురావడానికి పదకొండు పడవలు వెళ్ళి మంచులో దారి తప్పాయి. ఒడ్డునున్నవాళ్ళు దొరికిన మందంతా గుండ్లకి కూరి పైకి కాల్చారు. 'ఒడ్డు ఇదిగో' అని గొంతులు బొంగురుపోయేలా అరిచారు. ఆ వెలుగు చూసుకుని పది పడవలు వచ్చాయి. పదకొండోది రాలేదు. అందుకే ఏటా పది రంగులవి కాల్చి, చివర ఒక్కటి తెల్లది వేస్తాం. అది పగిలినప్పుడు ఊరంతా కేకేస్తాం. రానివాళ్ళని పిలవడం మానేస్తామా ఏంటి?"

ఆఫీసరు మెత్తబడ్డాడు. "బాగానే ఉందమ్మా, కాల్చేదెవరు మరి?" అన్నాడు. మాస్టారు నిట్టూర్చి, "కాల్చే ఆయన ఊళ్ళో లేడు. వయసు మీద పడి చేతి కొలత తప్పిందని ఆయనే మాతో చెప్పి వెళ్ళాడు" అన్నారు.

ఇంక నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను.

"ఆయన కొలత తప్పలేదు మాస్టారూ. ఈ ఏడు గుండ్లు నేను కడతాను, నేనే కాలుస్తాను. ఇదిగో లైసెన్సు."

పట్నం వెళ్ళింది దీనికే. వారం రోజులు తరగతులు విని, నా వయసులో సగం ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని పరీక్ష రాసి వచ్చాను. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "అమ్మాయ్, ఇది వంట కాదు" అన్నారు. "వంట కాదనే ధైర్యంగా అడుగుతున్నానండీ. నా వంట మీరు తిన్నారుగా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే సంతకాలు పెట్టించుకున్నాను. గొట్టాలు అమ్మలేదు. ఆ ఇంట్లో ఇంక మందు వాసన రాకూడదని మీరు రాశారు. ఇరవై రెండేళ్ళలో మీ మాట నేను జవదాటింది ఇదొక్కటే, దాటినందుకు చింత లేదు.

మీ కొలత తప్పలేదని అంత గట్టిగా ఎలా అన్నానో ఇప్పుడు చెప్పాలి. ఈ ఉత్తరం అసలు ఇందుకే. ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టి, వెళ్ళి పిల్లికి పాలు పోసి వచ్చాను. అది ఆకలితో ఏమీ లేదు.

పోయినేడు ఆ రోజు మీరు రేవులో గొట్టాలు పాతడానికి వెళ్ళారు. పది గుండ్లు కట్టేశారు, పదకొండోదానికి లోపలి ఒత్తి మిగిలింది. "బెత్తెడు కోసి పెట్టు, వచ్చి కడతాను" అన్నారు. బెత్తెడంటే నాలుగు వేళ్ళ వెడల్పు. తాతగారు మామయ్యగారికీ, ఆయన మీకూ నోటితో చెప్పిన కొలత. ఎవరి వేళ్ళో ఎవరూ చెప్పలేదు. ఒత్తి మీద మీ ఇంటి మగవాళ్ళ చేతులు తప్ప పడలేదు కనుక చెప్పే అవసరమూ రాలేదు. నేను నా నాలుగు వేళ్ళూ ఆనించి కోశాను. మీరు పొద్దువాలుతోందన్న హడావిడిలో వచ్చి, నా మీద నమ్మకంతో చూడకుండా కట్టేశారు. ఒత్తి పొట్టిదైంది. గుండు గొట్టం దాటీ దాటకముందే పగిలింది.

మర్నాడు ఆస్పత్రి నుంచి వచ్చి మందుగది తలుపు నెట్టాను. ముప్ఫై ఏళ్ళుగా మీరు నెట్టీ నెట్టీ ఆ తలుపు మీద మీ నాలుగు వేళ్ళ నల్లటి అచ్చు పడి ఉంది కదా, సరిగ్గా దానిమీద నా చెయ్యి పడింది. నా నాలుగు వేళ్ళూ పోగా, పక్కన ఇంకా ఒక వేలి మందాన నలుపు మిగిలింది. మీ బెత్తెడు వేరు, నా బెత్తెడు వేరు.

అప్పుడు చెప్పలేదు, మీరు కట్లతో ఉన్నారని. తర్వాత కమిటీవాళ్ళు వచ్చినప్పుడు "నా చెయ్యే తప్పింది" అని మీరంటుంటే, మీ మంచం వెనక ఫ్లాస్కు పట్టుకుని నిలబడి విన్నాను. నోరుండీ మూగదాన్నయ్యాను. మీరు సిగ్గుతో తల వంచుకుని బస్సెక్కుతుంటే సంచీ అందించాను గానీ మాట అందించలేదు. భయపడ్డాను, అంతే. మీరు నన్ను అసహ్యించుకుంటారని భయపడి, మిమ్మల్ని మీరు అసహ్యించుకోనిచ్చాను. దీనికి క్షమాపణ ఏ మాటలతో అడగాలో నాకు తెలియదు.

నిన్న పొద్దున్న అత్తయ్యకు చెప్పేశాను. ఆవిడ నూనె గిన్నె పక్కకు జరిపారు. తర్వాత, "నాకెందుకు చెప్తావ్, వాడికి చెప్పు" అన్నారు. ఆదివారం కమిటీలో కూడా నిలబడి చెబుతాను.

ఈ ఏడు ఆ తలుపు మీది అచ్చుకు ఒక వెదురుబద్ద ఆనించి, సరిగ్గా ఆ కొలతకు కోసుకున్నాను. ఒత్తులన్నీ దానితోనే కోశాను.

నిన్న సాయంత్రం మంచు దిగగానే రేవులో దీపాలు ఆర్పేశారు. పది గుండ్లూ బాగా పేలాయి. పదకొండోది మిగిలింది. అంటించి, ఇసుక బస్తాల వెనక్కి వచ్చి కూర్చున్నాను. అది పైకి వెళ్ళింది, ఇంకా వెళ్ళింది, ఇంకా పగలదేమిటని నా ప్రాణాలు పైకి పోయాయి. అప్పుడు పగిలింది. నది అవతలి గట్టు దాకా తెల్లగా కనబడింది. పోయినేడు ఎవరూ కేకెయ్యలేదు కదా, ఆ బాకీ కూడా కలిపి కేకేశారు. అందరికంటే పెద్ద గొంతు అత్తయ్యది. ఆవిడ మాత్రం నదికి వీపు పెట్టి బస్టాండు వైపు తిరిగి అరుస్తున్నారు. మాస్టారు దగ్గరికెళ్ళి, "అమ్మా, నది ఇటుంది" అన్నారు.

"నాకు తెలుసులే నాయనా. మావాడు వెళ్ళింది బస్సులో" అన్నారు అత్తయ్య.

ఆ వెదురుబద్ద ఈ ఉత్తరంతో పెడుతున్నాను. వేళ్ళు వంగినా వంగకపోయినా నాలుగూ దానిమీద ఆనించి చూసుకోండి. సరిపోతుంది. మీ చెయ్యి ఎన్నడూ తప్పలేదు. తిట్టాలని ఉంటే ఉత్తరంలో తిట్టకండి, వచ్చి ఎదురుగా తిట్టండి, పడతాను. పై ఏటికి నాకు ఆ బద్ద కావాలి. పోస్టులో తిప్పి పంపితే తీసుకోను. మీరే పట్టుకు రండి.

ఇట్లు,
చెయ్యి చిన్నదైనా వెనక్కి తియ్యని
మీ ఇంటావిడ