ఆయన మొండితనం కాదు, వదినా

వర్ని దగ్గర క్యాంపు,
ఆదివారం.

పూజ్యులైన వదిన గారికి మరదలు రాజ్యం నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ పాప నాగమణీ కులాసాగానే ఉన్నాం. అన్నయ్య గారి ఆయాసం ఈ చలికి ఎలా ఉంది? మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. కూర్చోగానే ఏదో పని గుర్తొచ్చేది. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికాను. గట్టు చూసొస్తానని చేలోకి పోయి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని మళ్ళీ పోయాను. ఏడాదిగా ఇదే వరస. ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను.

మన వైపు నుంచి ఇంతదూరం ఈ సేద్యగాళ్ళ క్యాంపుకు వచ్చినా మాకేం కొదవ లేదు, బెంగపడకండి. కాలువ నీళ్ళు బాగా వచ్చాయి. జొన్నరొట్టె కొట్టడం నేర్చుకున్నాను. పాపకు అన్నం కంటే అదే ఇష్టం. మాట కూడా ఇక్కడి పిల్లల్లాగే "తిన్న, పోయిన" అంటోంది. మీ చేతి మాగాయ పంపమని అడగాలనుంది. ఉత్తరం చివరిదాకా చదివాక మీ ఇష్టం.

మా చేలో పనికొచ్చే లస్మవ్వ గురించి ఇదివరకు రాశాను కదా. ఆయన పోయాక ఆమే, ఆమె భర్త సాయిలే మా సేద్యాన్ని నిలబెట్టారు. ఈసారి చెరుకు ఏపుగా వచ్చింది. మొన్న కోతల్లో ఆడవాళ్ళ మాటలకు గట్టిగా నవ్వేశాను. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. లస్మవ్వ చూసింది.

"నవ్వితే ఏమైతది బిడ్డా? ఎవలన్న కొడ్తరా?"

"నవ్వే హక్కు నాకు లేదులే అవ్వా."

"ఎవలు గుంజుకున్నరు?"

మోపు ఎత్తుకుని బండి దగ్గరికి పోయాను.

బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు బండి ఎప్పుడూ ఆయనే తోలేవారు. ఈసారి సాయిలు తోలాడు, నేను వెంట వెళ్ళాను. గేటు బయట బండ్లు బారులు తీరి ఉన్నాయి. అక్కడ ఖాజామియా అని టీకొట్టు పెట్టుకున్న ముసలాయన మా ఎడ్లను గుర్తుపట్టాడు.

"గీ ఎడ్లు నాకెరుకే. అన్న రాలేదా అమ్మా?"

పోయిన ఏడాదే పోయారని సాయిలు చెప్పాడు. ముసలాయన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"అయ్యో! ఆఖరుసారి వచ్చిన దినం జరంతోటి గజగజ వణుకుతుండె. నీ బండి నేను సూస్త, బస్సెక్కి ఇంటికి పో అన్నా, అని చెప్పిన. 'ఇప్పుడు పోతే మా ఇంటామె ఊకోదు మియా' అని నవ్విండు. నా కంబలి కప్పుకొని బండి కిందనే పండుకున్నడు."

వదినా, నేను ఊరుకోనన్న ఆ మాట నిజం. "మా తమ్ముడు మొండివాడు, జ్వరంలో నువ్వు వద్దన్నా వినకుండా బండి కట్టి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు" అని మీరు ప్రతి ఉత్తరంలోనూ రాస్తున్నారు. మీ చేత అలా రాయిస్తున్నది నేనే. పోయిన రోజు మీరు ఆయన మీద పడి ఏడుస్తూ, "ఎందుకు పోనిచ్చావే" అంటే, "వద్దన్నాను, వినలేదు" అన్నాను. అది అబద్ధం.

వద్దన్నది ఆయన. "ఒళ్ళు కాలిపోతోంది రాజ్యం, రేపు చూద్దాం" అన్నారు. "ఫ్యాక్టరీ వాళ్ళు కోతకిచ్చే చీటీ మళ్ళీ ఎప్పుడొస్తుందో! కోసిన చెరుకు ఎండబెట్టుకుంటామా? జ్వరమేగా" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? "మీ అక్క గారాబం చేసి చెడగొట్టింది" అని కూడా అన్నాను. ఆ మాటతో లేచి బండి కట్టారు. మూడోరోజు తిరిగొచ్చేసరికి మాట్లాడితే ఎగశ్వాస. నిజామాబాద్ ఆస్పత్రికి తీసుకుపోయేసరికే ఆలస్యమైంది. తల్లి లేని పిల్లాణ్ణి చంకనెత్తుకుని పెంచింది మీరు. మీ పేరెత్తి ఆయన్ను దెప్పాను.

అక్కడే, అంతమంది బండ్లవాళ్ళ ముందు, "పంపింది నేనే" అని ఖాజామియాకు చెప్పేశాను. ఏడాదిలో మొదటిసారి ఆ మాట పైకి అనడం. ముసలాయన పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

"నాకెందుకు చెప్తున్నవమ్మా? గీ మాట చెప్పాల్సినోళ్ళు బతికే ఉన్నరు గద," అన్నాడు.

అందుకే ఈ ఉత్తరం.

పొలం అమ్మేసి మీ దగ్గరికి వచ్చేయమన్నారు. రాను వదినా. ఆయన్ను పోగొట్టుకున్న నేల మీదే కడుపునిండా తింటున్నానని ఒక్కోపూట ముద్ద దిగదు. అయినా ఇక్కడే ఉంటాను. పాపను బళ్ళో వేశాను. మళ్ళీ చెరుకే వేస్తున్నాను. ఒక్కటే కోరిక. నాన్న మొండివాడని పాపతో ఎవరూ అనకూడదు. కాస్త ఎదిగాక నిజం నేనే చెబుతాను.

ఇది అన్నయ్య గారికి కూడా చదివి వినిపించండి. ఆయనకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఎప్పుడూ మీ దీవెన కోరి ముగించేదాన్ని. ఈసారి అడగడానికి చెయ్యి రావడం లేదు. తిడుతూనైనా సరే, ఒక్క కార్డు ముక్క రాయండి.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య,
రాజ్యం.