మీ పడకగది గోడకు కట్టిన హరితగృహం

ఇంటి యజమాని గారికి,

మీ గోడకు ఏదో పాక వేశానని, మూడు రోజుల్లో గది ఖాళీ చేయమన్న మీ నోటీసు అందింది. పెరట్లో నేను కట్టింది పాకా కాదు, కొట్టూ కాదు. ఉద్యానశాఖ వాళ్ళ కరపత్రం మూడుసార్లు చదివి కట్టిన హరితగృహం, అదే గ్రీన్‌హౌస్. వీటిలో అద్దాలవి, ప్లాస్టిక్ షీటువి, నీడనిచ్చే వలవి అని రకాలున్నాయి. నాది గోడకు ఆనించి కట్టే షీటు రకం. ఎండ పడే గోడ మీ పడకగదిదే అయితే తప్పు నాదా? ఎండ ఎవరి సొత్తండీ?

అయినా మీ మాట మీద అందులోని టమాటా మొక్కలు పీకేద్దామనే వెళ్ళాను. లోపల మీ అమ్మగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ వెచ్చదనానికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయట.

"మొక్క మీద చెయ్యేశావంటే కాళ్ళు విరగ్గొడతా! మావాణ్ణే వచ్చి నన్నడగమను" అన్నారు.

నేను ఖాళీ చేయడానికి సిద్ధం. ముందు ఆవిడ చేత ఖాళీ చేయించండి. అంతవరకూ మొక్కలకు నీళ్ళు, ఆవిడకు టీ నా బాధ్యత.

ఇట్లు,
వెనకగదిలో అద్దెకున్నవాడు