పాప చెవులకి పరీక్ష, మా నోళ్లకి శిక్ష

చిన్నబాబూ, మీ అక్కా పాపా కులాసాగా ఉన్నారు, కంగారు పడకు.

పుట్టగానే పిల్లలకి వినపడుతోందో లేదో చూసే చెవుల పరీక్ష ఇవాళ ఆస్పత్రిలో పాపకి చేశారు. మిషన్ పనిచేసేటప్పుడు గది నిశ్శబ్దంగా ఉండాలట. సరిగ్గా అప్పుడే అక్క అత్తగారు అందుకుంది: "మన పిల్లలకి ఏ మిషన్ పెట్టామండీ? దండగ ఖర్చు, పైగా లేనిపోని దిగులు." నేనూరుకుంటానా? "లోపముంటే ఇప్పుడు తెలిస్తే పిల్లకి మాటలొస్తాయి వదినగారూ, మూడేళ్లకి తెలిస్తే మనం ఏడవడానికి పనికొస్తుంది" అన్నాను. లాభనష్టాలు మేం తేల్చేలోపే మిషన్ రెండు చెవులూ ఫెయిలంది. అక్క ఒకటే ఏడుపు. నర్సు మా ఇద్దర్నీ వరండాలోకి తోలి మళ్లీ చేస్తే కుడి చెవి పాసైంది. ఎడమది తేలలేదు, గురువారం మళ్లీ రమ్మంది.

నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? వంటింటి కుళాయి బాగుచేయించావా? మీ ఆవిడ కాన్పుకి వెళ్లే ఆస్పత్రిలో ఈ పరీక్ష ఉందో లేదో ఇప్పుడే కనుక్కో. నాలుగు రోజుల దిగులుకి జడిసి మానకండి.

దండగన్న వదినగారే గురువారం ఎన్నింటికని నర్సుని రెండుసార్లు అడిగింది. ఆ రోజు ఇద్దరం వరండాలోనే నోరు మూసుకుని కూర్చోవాలనుకున్నాం. అక్క పెళ్లయ్యాక మా ఇద్దరికీ కుదిరిన మొదటి ఒప్పందం ఇదే.

మీ ఇద్దరికీ, కడుపులో ఉన్నదానికీ నా దీవెనలు.

అమ్మ